ట్యాంకు మూత వాషరు

రిజిస్టర్డ్ పోస్టు
నాయుడుపేట,
12-11-2024.

మైపాడు, చిన్నపోలయ్య గారికి,

ఇది క్షేమం అడగడానికి రాసే ఉత్తరం కాదు. అందువల్ల మామూలుగా రాసే ఆ రెండు వాక్యాలూ వదిలేస్తున్నాను.

రెండేళ్ల కిందట ఇదే నెలలో మీ అబ్బాయి సుబ్బు, మా అమ్మాయి ఉషారాణి కలిసి చేసిన పని మీకు తెలుసు. హైవే మీద చేపల వ్యాను చెడిపోయి నా షెడ్డుకు వచ్చినవాడు వ్యాను బాగుచేయించుకుని పోవాలి. మీవాడు నా ఇంటికే కన్నం వేశాడు. సరే, ఆమె మేజరు, ఇష్టపడి వెళ్లింది. తల్లి లేదు కదా అని అల్లారుముద్దుగా పెంచినందుకు నాకు తగిన శాస్తి జరిగింది. దాని గురించి నేను మాట్లాడను. కాని వెళ్తూ వెళ్తూ నా అంబాసిడర్ కారును కూడా నడుపుకుంటూ వెళ్లింది. కారు ఇష్టపడి వెళ్లలేదు. దాని ఆర్‌సి నా పేరు మీద, నా బీరువాలో ఉంది.

ఈ నెలాఖరులోగా కారును నా షెడ్డుకు చేర్చండి. తాళాలు మీ అబ్బాయి చేత మాత్రం పంపవద్దు. మీ ఇంటి నంబర్లన్నీ నా ఫోనులో బ్లాక్ చేసి ఉన్నాయి, అవి అలాగే ఉంటాయి. చెప్పేదేదైనా కాగితం మీద చెప్పండి. రేపు కేసు పడితే కాగితమే పనికొస్తుంది.

హజరత్తయ్య,
రేడియేటర్, పెట్రోలు ట్యాంకు రిపేర్లు.

*

మైపాడు,
21-11-2024.

హజరత్తయ్య బావగారికి చిన్నపోలయ్య నమస్కారాలు.

నాకు రాత రాదు. నేను చెప్తుంటే రాసేవాళ్లు రాస్తుండారు. మాటలు నావి, అక్షరాలు వాళ్లవి. తప్పు పట్టేదుంటే నన్నే పట్టండి.

కేసంటే జడిసిపోతామనుకున్నట్టుండారు. తుపాను జెండా ఎగరేసినాక కూడా సముద్రం మీదకు పోయి వచ్చినోళ్లం. కారు కావాలంటే మీరే వచ్చి తోలకపోండి. కానీ అది కదలదు. రెండు మైళ్లు పోతాది, దగ్గుతాది, ఆగిపోతాది. నెల్లూరు మెకానిక్కు వచ్చి పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు అన్నాడు. పైకి చూస్తే తెల్లగా కడిగినట్టుంటాది, లోపలంతా తుప్పు. ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటి బుద్ధే వచ్చింది.

మీ అమ్మాయి మా ఇంటికొచ్చి రెండేళ్లయింది. మీరు రాసిన కాగితంలో కారు అనే మాట ఎన్నిసార్లుండాదో చదివించుకున్నాను. బిడ్డ ఎట్టుండాదనే మాట యాడుందో దొరకలేదు.

చిన్నపోలయ్య.

*

నాయుడుపేట,
30-11-2024.

చిన్నపోలయ్య గారికి,

నన్ను బావగారు అనవద్దు. ఆ వరస నేను ఒప్పుకోలేదు.

ఆ మెకానిక్కు ట్యాంకు ఊడదీసి చూశాడా, నిలబడి చెప్పి పోయాడా? ఈ కింది సంగతి చూసి రాయండి. కారు ఆగిపోయాక పది నిమిషాలు ఊరుకుంటే తనంతట తానే స్టార్టవుతోందా? అయితే తుప్పు పొడి అడుగున ఉంది. ఇంజను పెట్రోలు పీల్చినప్పుడు ఆ పొడి పైపు మూతికి అడ్డం పడుతుంది, ఇంజను ఆగితే మళ్లీ కిందికి దిగుతుంది. ఇది తెలుసుకోవడానికి మెకానిక్కు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

బానెట్ కింద, పంపు పక్కన చిన్న ఫిల్టర్ ఉంటుంది. దాన్ని పీకి, కడగకుండా, డబ్బాలో పెట్టి పంపండి. అది ఎక్కడుంటుందో ఉత్తరం రాసిపెట్టేవాళ్లకు తెలిసే ఉంటుంది.

1984 మోడల్ కారు అది. నా షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆ ట్యాంకులో గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ తెల్లగానే వచ్చేది. రెండేళ్లలో మీ చేతుల్లో దానికి ఈ గతి పట్టింది.

హజరత్తయ్య.

*

మైపాడు,
9-12-2024.

హజరత్తయ్య గారికి,

వద్దన్నారు గనక బావ తీసేసినాను. మాకేమీ నష్టం లేదు.

అవును, పది నిమిషాలకు తనే స్టార్టవుతాది. ఫిల్టరు బిస్కెట్ల డబ్బాలో పెట్టి పంపుతుండాను.

మీ జవాబు కోసం కూర్చోకుండా నేనే ట్యాంకు ఊడదీయించినాను. మా ఇంటిది అంకాలమ్మ ఒక మాట చెప్పింది. ఇత్తడి బిందె ఎంత నల్లబడినా చింతపండూ రాళ్లుప్పూ వేసి తోమితే తళతళలాడతాది గదా, ఇనుమైతే మాత్రం లొంగదా అని. చేపల జిగురు వదిలేదీ ఆ రెంటితోనే. కిలో చింతపండు, రెండు కిలోల రాళ్లుప్పు, చేతిపంపు నీళ్లు పోసి, రాత్రంతా నానబెట్టి, పొద్దున నలుగురం పట్టి కుదిలిచ్చినాము. ఎర్రటి నీళ్లు పోయి లోపల వెండి మాదిరి మెరిసింది. మూడో రోజు చూస్తే మళ్లీ ఎర్రగా ఇటిక పొడి. ఇంతకు ముందుకన్నా జాస్తి.

మీ చదువులో దీనికి మందు ఉంటే చెప్పండి. లేకుంటే లేదని చెప్పండి.

చిన్నపోలయ్య.

*

నాయుడుపేట,
16-12-2024.

పోలయ్యకు,

ఉప్పా? ఇనప ట్యాంకులో ఉప్పా? పైగా మైపాడు చేతిపంపు నీళ్లు! ముప్పై ఎనిమిదేళ్లుగా ట్యాంకులు చూస్తున్నాను. తుప్పును ఉప్పుపెట్టి పెంచుకున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. నువ్వు ట్యాంకు కడగలేదయ్యా, ఊరగాయ పెట్టావు.

నీ ఫిల్టర్ కోసి తెల్లకాగితం మీద దులిపాను. తుప్పు ఉంది, అది అనుకున్నదే. దానిలో రెండు పొలుసులు దొరికాయి. కవళ్ల చేపల పొలుసులు. పెట్రోలు ట్యాంకులోకి చేప పొలుసు ఎట్లా పోతుంది? ట్యాంకు మూతకు వాషరు ఊడిపోయి ఉంటుంది, మీరు గుడ్డ కుక్కి ఉంటారు. బోటు క్యాను తెచ్చి గరాటా పెట్టి పోస్తూ ఉంటారు. డిక్కీలో చేపల గంపలు వేస్తున్నారు, ఆ ఉప్పునీళ్లు కారి, డిక్కీ కింద ఉండే ట్యాంకు మీదే పడుతున్నాయి.

ఇంకొక సంగతి కూడా ఫిల్టర్ చెప్పింది. ఇది ఊరికే పడి ఉన్న కారు ఫిల్టర్ కాదు. రోజూ తిరిగిన కారుది. నా కారుకు రెండో గేరు పడాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, రాడ్డు కొంచెం ఎత్తి పట్టుకోవాలి. అది నాకు తెలుసు, నేను నేర్పిన ఒక్కరికి తెలుసు. ఎవరి చేత గంపలు మోయిస్తున్నారో అర్థమైంది.

ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో, మంచినీళ్లంటే తాగే నీళ్లతో, ఐదారుసార్లు కడుగు. ఎండలో ఆరబెట్టు. ఆ తర్వాత సన్నకంకర, కిరసనాయిలు పోసి, గోనెసంచి చుట్టి, ఇసుకలో గంటసేపు దొర్లించు. అంతకు మించి తెలివితేటలు చూపించకు.

హజరత్తయ్య.

*

మైపాడు,
12-1-2025.

హజరత్తయ్యకు,

నువ్వు అన్నావు గనక నేనూ నువ్వే అంటుండాను.

ఔను, గంపలే వేసినాము. తెల్లారేసరికి చేపలు నెల్లూరు మార్కెట్టులో ఉండాల. మా ఆడోళ్లు గంపతో బస్సెక్కితే కసురుతారు, ఆటో ఎక్కితే వాసనంటారు. నా కోడలు ఐదుగురు ఆడోళ్లను, ఐదు గంపలను నీ కారులో ఎక్కించుకొని పోయి దించి వచ్చేది. ఎవురూ చేయించలేదు, తనే మొదలుపెట్టింది. ఆ ఐదిళ్లల్లో నీ కూతురి పేరు చెప్పి చూడు, ఎట్టా మాట్లాడతారో. నీ షెడ్డులో ఎవురన్నా నీ పేరు అట్టా చెప్తారా?

ఇప్పుడు ఇంకో మాట. ఇది రాసేవాళ్లు రాయను మామా అని పెన్ను కింద పెట్టేసినారు. నేను మళ్లీ చేతికిచ్చి రాయమన్నాను. నీ కూతురికి ఏడో నెల. పోయిన నెల నుంచి గంపలు మాన్పించినాము. సుబ్బు మద్రాసు కాశిమేడు బోట్ల మీద పోయి ఉండాడు, పదిహేను రోజులకొకసారి వస్తాడు. నెలలు నిండేసరికి ఇంటికొచ్చి ఉంటానన్నాడు. కాన్పుకు నెల్లూరు పోవాలంటే ఆ కారు కదలాల. అప్పటిదాకా కారు ఇచ్చేది లేదు. కేసు పెట్టుకుంటావో, ఏం చేసుకుంటావో చేసుకో.

చిన్నపోలయ్య.

*

నాయుడుపేట,
18-1-2025.

చిన్నపోలయ్య గారికి,

మీ 12వ తేదీ ఉత్తరం అందింది. అందులోని విషయాలు చదివాను.

ట్యాంకు మీరు బాగుచేయవద్దు. ఉప్పు తిన్న రేకు ఇక నిలవదు. ఊడదీసి, బస్సు పార్శిల్‌లో నాకు పంపండి. అదే కొలతకు కొత్త రేకుతో నేను చేసి పదిహేను రోజుల్లో పంపుతాను. ఊడదీసేటప్పుడు ముందు పెట్రోలంతా దించండి. పెట్రోలు గేజీ వైరు లాగవద్దు, నట్టు విప్పి తీయండి. దగ్గర్లో బీడీ కాల్చేవాళ్లు ఉండకూడదు.

ఈ పార్శిల్‌లో రెండు కొత్త ఫిల్టర్లు, ట్యాంకు మూతకు రబ్బరు వాషరు ఒకటి పంపుతున్నాను. వాషరు మూతలో సరిగ్గా కూర్చోవాలి. గుడ్డ పెట్టవద్దు.

డిక్కీలోకి బరువులు ఎత్తి దించే పని ఎవరూ చేయకూడదు. కారుకు మంచిది కాదు.

హజరత్తయ్య.

*

మైపాడు,
2-2-2025.

హజరత్తయ్యకు,

పార్శిల్ విప్పినాము. ఏడో నెల అని రాసిన తర్వాత వచ్చిన పార్శిల్ గదా, అంకాలమ్మ చేతులు కడుక్కొని పసుపు పళ్లెం తెచ్చి విప్పింది. రెండు ఫిల్టర్లు, ఒక రబ్బరు ముక్క. పళ్లెం తీసకపోయి లోపల పెట్టేసింది.

నీ చేత ట్యాంకు చేయించుకునే ఖర్మ మాకు పట్టలేదు. నేను ఫైబర్ బోట్లు అతికేవాణ్ణి. ఈ ఊర్లో నేను వేసిన అతుకు ఊడిన బోటు ఒకటి చూపించు. నువ్వు చెప్పినట్టే మంచినీళ్లతో కడిగి, కంకర పోసి దొర్లించి, ఎండబెట్టినాను. ఆ తర్వాత బోటుకు పూసే రెజిన్ మందు కలిపి, గేజీ బెజ్జంలోంచి పోసి, నాలుగు వైపులా తిప్పినాను. లోపలంతా గాజు మాదిరి పట్టింది. సముద్రాన్ని బయట ఆపే మందు, గుప్పెడు పెట్రోలును లోపల ఆపదా?

మూడుసార్లు నెల్లూరు పోయి వచ్చింది. ఒక్కసారి దగ్గలేదు. నీ వాషరు మాత్రం బాగానే పట్టింది.

చిన్నపోలయ్య.

*

నాయుడుపేట,
7-2-2025.

పోలయ్యా,

ఈ ఉత్తరం చదివిన రోజే ఆ ట్యాంకు దించెయ్. ఆ రెజిన్ సముద్రాన్ని ఆపుతుంది, నేను కాదనలేదు. ఇప్పటి పెట్రోలులో స్పిరిట్ కలిపి ఇస్తున్నారు. అది రెజిన్‌ను మెత్తబరుస్తుంది. మొదట ఏమీ తెలియదు, కారు బ్రహ్మాండంగా పోతుంది. నెలా, నెలన్నరకు పొరలు పొరలుగా లేచి పైపు మూతికి అంటుకుంటుంది. తుప్పు పొడి అయితే పది నిమిషాలకు కిందికి దిగుతుంది, ఇది దిగదు.

పడవకు అతుకులు వేసే చేతులతో నా కారును ముట్టుకోవద్దని మొదటే చెప్పవలసింది. చేపలు కడిగినట్టు కడిగావు, పడవకు పూసినట్టు పూశావు, నీకు ఆ రెండే తెలుసు. తెలియని పనిలో వేలు పెట్టి మనుషుల ప్రాణాల మీదికి తెస్తున్నావు. ట్యాంకు పంపు. పంపకపోతే నువ్వు మూర్ఖుడివని నీ ఊరి పోస్టుమేనుకు కూడా ఉత్తరం రాస్తాను.

హజరత్తయ్య.

*

మైపాడు,
20-2-2025.

హజరత్తయ్యకు,

ఈ చేతులతోనే నలుగురు బిడ్డల్ని పెంచినాను, నీ బిడ్డతో కలిపి ఐదుగురు.

కారు బాగా నడస్తుండాది. ట్యాంకు పంపేది లేదు. ఇంక మీదట నీ ఉత్తరం వస్తే తీసుకోకుండా తిప్పి పంపమని పోస్టాఫీసులో చెప్పినాను.

చిన్నపోలయ్య.

*

మైపాడు,
24-3-2025.

హజరత్తయ్య గారికి,

అక్షరాలు మారినాయని భయపడబాకండి. ఎప్పుడూ రాసే చెయ్యి రాసే స్థితిలో లేదు. ఇది రాస్తున్నది మా ఊరి ఆశా కార్యకర్త కరుణాకుమారి. మనిషి ఉండాది. బిడ్డ ఉండాది. అది ముందు చదువుకోండి, మిగతాది తర్వాత చదవండి.

ఈ నెల పన్నెండున పొద్దున ఆరింటికి నొప్పులు మొదలైనాయి. ఇంకా ఇరవై రోజులు ఉండాదనుకున్నాము. సుబ్బు సముద్రం మీద ఉండాడు. వేరే బండి పిలుస్తానంటే, నొప్పులు ఇంకా దూరం దూరంగా ఉండాయి, కారులో అరగంట గదా మామా, నేనే తోలతా అన్నది. డ్రైవరును పిలుస్తానంటే, ఆ రెండో గేరు ఎవురికీ పడదు అన్నది. పక్కన నేను, వెనక అంకాలమ్మ.

దోవలో ఇందుకూరుపేటకు ఇంకా కొంత దూరం ఉందనంగా కారు ఆగిపోయింది. దిగింది. వద్దన్నా వినకుండా బానెట్ ఎత్తి, ఫిల్టరు మార్చి, గొట్టం నోట్లో పెట్టి పీల్చి ఊసింది. స్టార్టయింది. అర మైలు పోయి మళ్లీ ఆగింది. అట్టా నాలుగుసార్లు. నాలుగోసారి దిగిన మనిషి రోడ్డు మీదే కూలబడింది. డిక్కీలో బోటు క్యాన్ నిండా ఐదు లీటర్ల పెట్రోలు పెట్టుకొని, పెట్రోలు అందక ఆగిపోయినాము. అటుగా పోయే ఐసు వ్యాను ఆపి, ఐసు దించేసి, తడి బల్ల మీద పండబెట్టి తీసకపోయినాము. ఆసుపత్రి గేటు దగ్గరే బిడ్డ పడింది. ఆడబిడ్డ. నెత్తురు శానా పోయింది. రెండు రోజులు మనిషి కళ్లు తెరవలేదు. బిడ్డను తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో పెట్టినారు. నిన్ననే ఇద్దర్నీ ఇంటికి తెచ్చుకున్నాము.

వచ్చినాక ట్యాంకు దించి కోసి చూసినాను. నేను పూసిందంతా అట్ల మాదిరి లేచి అడుగున పడి ఉండాది. మీరు రాసిందే నిజం. తప్పు నాది. కావాలంటే ఈ కాగితం కేసులో పెట్టుకోండి, వేలిముద్ర వేస్తుండాను.

కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ట్యాంకు గురించి మీరు చెప్పింది సరైనదే. చెప్పిన తీరుకే నేను వినలేదు. ఆ పడవ అతుకుల మాట రాయకుండా ఉంటే, నేను ఆ రోజే ట్యాంకు దించి ఉంటాను. నా పొగరుకు నేను రాత్రీ పగలూ ఏడుస్తుండాను. మీ పొగరుకు మీరు ఏం చేస్తారో మీ ఇష్టం.

చిన్నపోలయ్య వేలిముద్ర.

*

మైపాడు,
16-4-2025.

నాన్నకు,

ఇది మామ చెప్తుంటే రాసింది కాదు. నేనే రాస్తున్నాను.

మామ ఉత్తరం వెళ్లి మూడు వారాలైంది. నీ నుంచి ఒక్క ముక్క లేదు. పోస్టాఫీసులో తిప్పి పంపమన్న మాట మామ ఆ మర్నాడే వెనక్కి తీసుకున్నాడు, కాబట్టి ఉత్తరం తప్పిపోయిందనుకోవడానికి కూడా వీల్లేదు.

మొదటి ఉత్తరం నుంచీ నా చేతిరాత గుర్తుపట్టావు. గుర్తుపట్టావని నాకు తెలుసు. ఫిల్టర్ ఎక్కడుంటుందో రాసేవాళ్లకు తెలుసని రాశావే, అప్పుడు నవ్వుకున్నాను. ఈసారి అడుగుతాడు, ఈసారి అడుగుతాడు అని ప్రతి కవరూ నేనే చించాను. మామ నిన్ను తిట్టమన్న తిట్లన్నీ ఒక్కటి వదలకుండా రాశాను, కొన్ని నేనే కలిపాను. తిడితే అయినా అడుగుతావేమోనని. నాకు ఏడో నెల అని నా గురించి నేనే, పరాయి మనిషి గురించి రాసినట్టు, నా చేత్తోనే రాశాను. పుట్టింటివాళ్లు వచ్చి గాజులు వేసే నెల అది. నువ్వు ట్యాంకు మూతకు వాషరు పంపావు. ఎవరూ లేనప్పుడు దాన్ని చేతికి ఎక్కించి చూసుకున్నాను. పట్టలేదు.

బరువులు ఎత్తితే కారుకు మంచిది కాదా నాన్నా? నాకు మంచిది కాదని రాస్తే నీ సొమ్మేం పోయేది?

ఆ రోజు కారు ఆగిన ప్రతిసారీ నీకు ఫోన్ చేశాను. నాలుగుసార్లు ఆగింది, నాలుగుసార్లు చేశాను. నువ్వు వస్తావని కాదు, వంద కిలోమీటర్ల అవతల ఉన్నావు. ఏం చేయాలో చెప్తావని. మోగకుండానే కట్టయింది. మామ తప్పు చేశాడు, ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. నీ తప్పు మీద వేలిముద్ర ఎవరు వేస్తారు?

పాత ట్యాంకు కోసేశాం. నీకు కారు కావాలంటే కొత్త ట్యాంకు చేసి పార్శిల్‌లో పంపు. నేనే బిగించి, నేనే తోలుకొచ్చి, నీ షెడ్డు ముందు పెట్టి, బస్సులో వచ్చేస్తాను. నువ్వు మాత్రం ఇక్కడికి రావద్దు. నిన్ను చూస్తే నేను ఏమంటానో నాకే తెలియదు.

ఉషారాణి.

*

మైపాడు బస్టాండు,
22-4-2025, మధ్యాహ్నం.

అమ్మా ఉషా,

టీ అంగడి పెంచలకృష్ణ దగ్గర ఈ కాగితం అడిగి తీసుకుని రాస్తున్నాను. ఒంటిగంట బస్సుకు దిగాను. కొత్త ట్యాంకు నా పక్కనే బెంచీ మీద ఉంది. రావద్దన్నావు కాబట్టి మీ వీధిలోకి రాలేదు.

పోలయ్య ఉత్తరం అందిన రోజు రేకు కొలతలు గీయడం మొదలుపెట్టాను. మూడుసార్లు చేసి, మూడుసార్లు విప్పేశాను. అతుకు ప్రతిసారీ సరిగ్గానే ఉంది. ఉత్తరం రాద్దామని కూర్చుంటే కొలతలు తప్ప ఏమీ రాయడం రాలేదు.

నీ ఉత్తరం వచ్చాక ఫోనులో బ్లాక్ తీశాను. ఆపేసిన కాల్స్ జాబితాలో ఆ తారీకున నీ నంబరు నాలుగుసార్లు ఉంది. ఏడూ పది, ఏడూ ఇరవై రెండు, ఏడూ ముప్పై, ఏడూ నలభై ఒకటి. ఆ టైములో నేను షెడ్డు ముందు కూర్చుని టీ తాగుతూ పేపరు చదువుతున్నాను. ట్యాంకు గొట్టం పీకెయ్, దాని కొస డిక్కీలో ఉన్న పెట్రోలు క్యాన్‌లో ముంచు, ఇంజను నేరుగా క్యాన్ నుంచి పీల్చుకుంటుంది, నెల్లూరు దాకా ఆగదు. ఇంతే చెప్పాలి. ఒక్క నిమిషం మాట. అన్నీ నేర్పాను, అదొక్కటి నీకు నేర్పలేదు, ఎప్పుడూ అవసరం రాలేదు. పోలయ్య రెజిన్ వల్ల కారు ఆగింది. నా వల్ల అక్కడే ఉండిపోయింది. నా తప్పు మీద వేలిముద్ర నేనే వేస్తున్నాను, కింద చూడు.

నీ చేతిరాత కవరు మీద నా పేరు చూడగానే తెలిసింది. షెడ్డు బోర్డు మీద ఆ పేరు రాసింది నువ్వే కదా. పోలయ్యను తిడుతూ ఉంటే జవాబు వస్తుంది, జవాబు వస్తే నీ అక్షరాలు వస్తాయి. మంచిగా రాస్తే ఉత్తరాలు ఆగిపోతాయేమోనని భయపడ్డాను. ఇది ఎంత తెలివితక్కువ పనో ఈ బెంచీ మీద కూర్చుంటే తెలుస్తోంది.

నాకు కారు అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు. కూతుర్ని ఒకసారి పంపండి అని అడగడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. కారుకు ఉంది. అందుకని కారును అడిగాను. ఆర్‌సి మీద, బదిలీ ఫారాల మీద సంతకాలు పెట్టి తెచ్చాను, ట్యాంకుకు కట్టి ఉన్నాయి.

ఐదున్నరకు నెల్లూరు బస్సు ఉందట. నువ్వు పిలవకపోతే ట్యాంకు పెంచలకృష్ణకు అప్పజెప్పి దాంట్లో వెళ్లిపోతాను. నీ మీద ఏమీ అనుకోను. దీన్ని మోసుకుపోవడానికి మాత్రం మా బావను పంపు. నేను చేసిన ట్యాంకులో ఉప్పు పోస్తే ఊరుకోనని కూడా చెప్పు.

మొదటి ఉత్తరంలో రెండు వాక్యాలు వదిలేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

నేనిక్కడ క్షేమంగా లేను. నువ్వు, పాప ఎట్టుండారమ్మా?

నాన్న.